ప్రైమరీలు మొదలు కాకముందే టికెట్ ఎవరిదో చెప్పగలమా?

గోదావరి_గట్టు

రోజూ ఉదయం పుష్కర ఘాట్ దగ్గర నడకకు వచ్చే మా బృందంలో వారం రోజులుగా ఒకటే వాదన. 2028లో రిపబ్లికన్ అభ్యర్థి జె.డి. వాన్సే అని ఒకాయన తేల్చేశారు. ఉషా వాన్స్ పూర్వీకుల ఊరంటూ వడ్లూరు పేరు పత్రికల్లో వచ్చిన నాటి నుంచి ఆయన దృష్టిలో వాన్స్ మన తణుకు వైపు అల్లుడు. "ఉపాధ్యక్షుడు, సర్వేల్లో ముందున్నాడు, ఇంకేం కావాలి?" అంటారు. బ్యాంకులో నాతో పనిచేసిన ఇంకొకాయన "2007లో హిల్లరీ కూడా ముందే ఉంది, టికెట్ ఒబామాకు పోయింది" అని కొట్టిపారేస్తారు.

నా ప్రశ్న ఒక్కటే. ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని తేల్చడానికి రాష్ట్రాలవారీగా వరుసగా జరిగే ఓటింగ్) ఇంకా ఒక్క ఓటూ పడకముందు ఒక అభ్యర్థికి పార్టీ టికెట్ దక్కే అవకాశం ఎంతో అంచనా వేయాలంటే మీరు ఏది చూస్తారు? సర్వేలా, విరాళాలా, పెద్దల మద్దతా? అక్కడ ఉండి ఓటు వేసినవాళ్లు చెబితే మరీ బాగుంటుంది. వాన్స్ మంచివాడా కాదా అన్న చర్చ మాత్రం వద్దు, దానికి మా ఘాట్ సరిపోతోంది.

ఎడిసన్_వాసి

సర్వేలను పక్కన పెట్టండి, అందులోనూ దేశమంతా కలిపి చేసేవాటిని. 2007లో దాదాపు ఏడాదంతా రిపబ్లికన్ సర్వేల్లో ముందు నడిచింది రూడీ జూలియానీ. 2001 దాడుల నాటి న్యూయార్క్ మేయరు. మా వైపు ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. ఆ ధీమాతోనే ముందుగా ఓటు వేసే రాష్ట్రాలను గట్టిగా పట్టించుకోకుండా ఫ్లోరిడాలో కాపు కాశారు. 2008 జనవరి 29న ఫ్లోరిడా వంతు వచ్చేసరికి మూడు వారాలుగా టీవీల్లో వినిపిస్తున్నవి మెకెయిన్, రామ్నీ పేర్లే. జూలియానీకి దక్కింది మూడో స్థానం. మర్నాడే తప్పుకున్నారు. చివరి బంతికి కూర్చుంటే బూరెలు మిగలవు.

పాత_డెస్కు

డబ్బు మీద నమ్మకం ఉన్నవాళ్లకు రెండు పేర్లు గుర్తు చేస్తాను. జెబ్ బుష్ కోసం పనిచేసిన సూపర్ ప్యాక్ (అభ్యర్థి తరఫున విడిగా విరాళాలు పోగుచేసి ఖర్చు పెట్టే సంఘం) 2015 మొదటి ఆరు నెలల్లోనే పది కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. 2016 ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా ఫలితం రాగానే ఆయన ఇంటికి వెళ్లిపోయారు. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ సొంత డబ్బు కోట్ల మీద కోట్లు కుమ్మరించి, సూపర్ ట్యూస్‌డే (చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటు వేసే మంగళవారం) నాడు గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. అటు చూస్తే 2007 వేసవిలో మెకెయిన్ ఖజానా దాదాపు ఖాళీ. సిబ్బందిలో చాలామందిని ఇంటికి పంపేశారు. టికెట్ ఆయనకే వచ్చింది.

నా సొంత అనుభవం ఒకటి. 2012 జనవరిలో అంతర్జాతీయం పేజీ నా చేతిలో ఉండేది. అయోవా కాకస్‌లో (పేటల్లో సభలు పెట్టి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి, ఆ ఏడాది వరుసలో మొదటిది) రామ్నీ ఎనిమిది ఓట్ల తేడాతో గెలిచారని వార్త. "ఎనిమిదే ఎనిమిది!" అని శీర్షిక పెట్టి మురిసిపోయాను. రెండు వారాలు తిరిగేసరికి తుది లెక్కలో శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారని తేలింది. దాన్ని మేం లోపలి పేజీలో సింగిల్ కాలం వేశాం. ఎవరూ చదవలేదు. అమెరికాలోనూ అంతే. గెలిచిన రాత్రి వచ్చే పేరు రామ్నీ తీసుకున్నారు, గెలుపు శాంటోరమ్‌కు మిగిలింది. అవకాశాల లెక్కలో ఆ రాత్రి పేరుకు చాలా విలువ ఉంటుంది.

లెక్కల_మాస్టారు

మీరిద్దరూ ఓడిన గుర్రాలనే ఏరి చూపిస్తున్నారు. గెలిచినవీ లెక్కపెట్టండి. 2000లో గోర్, బుష్ ఇద్దరూ ముందు నుంచీ సర్వేల్లో మొదటివాళ్లే. 2016లో హిల్లరీ అంతే. ట్రంప్ 2015 జూలైలో ముందుకొచ్చాక, నడుమ కొద్ది రోజులు బెన్ కార్సన్ పక్కకు రావడం తప్పిస్తే, ఆ స్థానం వదల్లేదు. 2019లో ఎక్కువ కాలం బైడెనే మొదట. 2023లో మళ్లీ ట్రంప్. సర్వేలు పనికిరావంటే ఈ ఆరు సార్లనూ ఎక్కడ పెడతారు?

నేను ఒక్కటే చూస్తాను. ముందున్నవాడికి సగం దాటిందా లేదా? 2023 చివర్లో ట్రంప్‌కు తమ పార్టీలో సగానికి పైగా మద్దతు ఉంది. మిగతావాళ్లంతా ఒక్కరి వెనక చేరినా చాలని స్థితి. జూలియానీకి మూడో వంతు దాటడమే కష్టంగా ఉండేది. అది మద్దతు కాదు, పేరు తెలియడం. "మీ ఊళ్లో మంచి డాక్టరు ఎవరు?" అని అడిగితే బోర్డు పెద్దగా ఉన్నాయన పేరు చెప్పినట్టు. జబ్బు చేసిన రోజున ఎవరి దగ్గరికి వెళతారన్నది వేరే విషయం.

కాకతీయ_కబుర్లు

నాకు అసలు మూలమే అర్థం కాదు. మన దగ్గర బి-ఫారం ఎవరికిస్తే వాళ్లే అభ్యర్థి. ముఖ్యమంత్రి పేరు కూడా ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్‌లో వచ్చిన రోజులు చూశాం. 2016లో రిపబ్లికన్ పెద్దలకు ట్రంప్ ఇష్టం లేదని అప్పట్లో రోజూ చదివేవాళ్లం. మరి ఆపలేకపోయారేం? పార్టీ అధ్యక్షుడు ఒక్క సంతకం పెట్టకపోతే పోయేది కదా?

పాత_డెస్కు

అక్కడ బి-ఫారం జనం చేతిలో ఉందండీ. ఎప్పుడూ అలా లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమోక్రటిక్ అభ్యర్థి అయ్యారు. పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునేది ప్రతినిధులు. అప్పట్లో నాయకుల చేతిలో ఉన్న ఆ ప్రతినిధులు చేతులెత్తారు, అయిపోయింది. చికాగో మహాసభ బయట లాఠీలు విరిగాయి. ఆ గొడవ తర్వాత నియమాలు మార్చి, 1972 నుంచి ప్రతినిధుల్లో అత్యధికులను ప్రైమరీలు, కాకస్‌ల ద్వారానే తేల్చడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి పెద్దలు చేయగలిగింది సైగ చేయడమే. ఆ సైగ ఓటర్లు చూస్తారా లేదా అన్నది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. 2016లో ట్రంప్‌కు మొదటి సెనేటర్ మద్దతు వచ్చింది ఫిబ్రవరి 28న. అప్పటికే ఆయన మూడు రాష్ట్రాలు గెలిచేశారు.

డిమోయిన్_చలి

అయోవాలో ఉంటున్నాను కాబట్టి నా వంతు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

2008 జనవరి 3, గురువారం. పౌరసత్వం వచ్చాక నాకు మొదటి కాకస్. బయట ఎముకలు కొరికే చలి. మా పేటవాళ్లందరినీ ఒక బడి వ్యాయామశాలకు రమ్మన్నారు. రాత్రి ఏడింటికి తలుపులు మూసే లోపు వరుసలో ఉండాలి. ఎప్పుడూ వచ్చే సంఖ్యకు తగ్గట్టు కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లలో సగం మంది నిలబడే ఉన్నారు. పేర్ల నమోదు ఫారాలు అయిపోతే ఒక పెద్దావిడ పసుపుపచ్చ కాగితాల మీద గీతలు గీసి ఫారాలు తయారు చేశారు. ఆ రాత్రి అయోవా డెమోక్రటిక్ కాకస్‌లకు వచ్చినవాళ్లు దాదాపు 2 లక్షల 39 వేలు. 2004లో సుమారు 1 లక్షా 24 వేలు. అంతకు మూడు రోజుల ముందు డిమోయిన్ రిజిస్టర్ పత్రిక సర్వే ఒబామా ముందున్నారని చెబితే, "కొత్తవాళ్లు ఇంతమంది వస్తారా?" అని మిగతావాళ్లు నవ్వారు. వచ్చారు.

డెమోక్రాట్లకు అప్పట్లో రహస్య ఓటు లేదు. ఒబామా వాళ్లు ఒక మూల, హిల్లరీ వాళ్లు ఇంకో మూల, ఎడ్వర్డ్స్ వాళ్లు బాస్కెట్‌బాల్ స్తంభం కింద. నేను బిల్ రిచర్డ్‌సన్ వైపు నిలబడ్డాను. అనుభవం ఉన్నవాడు, గవర్నరు. మా గుంపులో తొమ్మిది మందిమి. గదిలో ఉన్నవాళ్లలో 15 శాతం లేకపోతే ఆ గుంపు చెల్లదు. మాకు దరిదాపుల్లో కూడా లేదు. అప్పుడు మొదలైంది అసలు సంత. మిగతా మూడు మూలల నుంచీ మనుషులు వచ్చి మా తొమ్మిది మందినీ చుట్టుముట్టారు. ఒకాయన బిస్కెట్లు తెచ్చారు. మా అబ్బాయి బడి పంతులుగారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. అరగంటలో మా గుంపు మూడు ముక్కలైంది.

ఆ రాత్రి నాకు తెలిసింది ఇది. "మీ మొదటి ఎంపిక ఎవరు?" అని అడిగే సర్వే సగం ప్రశ్నే అడుగుతోంది. "అతను లేకపోతే ఎవరు?" అన్నది మిగతా సగం. పదిమంది పోటీలో ఉన్నప్పుడు టికెట్ తేలేది ఆ రెండో సగంలోనే. నేను ఎవరి అవకాశమైనా ఆ జవాబుతోనే కొలుస్తాను.

(రిపబ్లికన్ కాకస్‌లో ఈ తంతు లేదు. చీటీ మీద పేరు రాసి వేసి ఇంటికి వెళ్లిపోతారు.)

బే_ఏరియా_కోడలు

డిమోయిన్ గారి మాటకు నా పోస్టు ఓటే సాక్ష్యం. 2020లో కాలిఫోర్నియా ప్రైమరీ సూపర్ ట్యూస్‌డే నాడే, మార్చి 3న. మాకు ఓటు కాగితం నెల ముందే ఇంటికి వస్తుంది. నేను బుద్ధిగా ఫిబ్రవరి మధ్యలోనే బూటిజిజ్‌కు వేసి పోస్టు చేసేశాను. అయోవాలో ప్రతినిధుల లెక్కలో మొదట నిలిచారు, న్యూ హాంప్‌షైర్‌లో రెండోవారు, ఇంకేం అనుకున్నాను. మార్చి 1 ఆదివారం రాత్రి ఆయన తప్పుకున్నారు! వేసిన ఓటు వెనక్కి రాదు కదా. మా అత్తగారు ఇప్పటికీ "నీ ఓటు గంగలో కలిసింది" అని ఆటపట్టిస్తారు. ఆవిడ ఆఖరి రోజు వరకూ కవరు అంటించరు.

ఆ వారం మొత్తం గుర్తు చేసుకోండి. బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదు. అక్కడ 8 శాతం పైచిలుకు, ఒక్క ప్రతినిధీ రాలేదు. నెవాడాలో రెండు. ఆయన పని అయిపోయిందని అందరం అనుకున్నాం. ఫిబ్రవరి 26న సౌత్ కరోలినాలో అక్కడి సీనియర్ నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ "నా మద్దతు ఈయనకే" అన్నారు. 29న బైడెన్‌కు అక్కడ దాదాపు సగం ఓట్లు వచ్చాయి. 1న బూటిజిజ్, 2న క్లోబుచార్ పోటీ నుంచి తప్పుకొని బైడెన్ పక్కన నిలబడ్డారు. 3న 14 రాష్ట్రాల్లో పది బైడెన్‌వి. మా రాష్ట్రం శాండర్స్‌కే పోయిందనుకోండి. నాలుగు రోజుల్లో కథ తిరగబడింది. ఇది ఏ సర్వేలో కనిపిస్తుంది?

లెక్కల_మాస్టారు

కనిపించిందమ్మా. సౌత్ కరోలినా నల్లజాతి డెమోక్రాట్లలో బైడెన్‌కు ఉన్న పట్టు 2019 అంతా సర్వేల్లో కనిపిస్తూనే ఉంది. అయోవా, న్యూ హాంప్‌షైర్ జనాభాలో అత్యధికులు తెల్లవాళ్లు. ఆ రెండు రాష్ట్రాలు చూసి ఆయన పని అయిపోయిందన్నది సర్వే కాదు, టీవీ.

బే_ఏరియా_కోడలు

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. కానీ శాండర్స్‌కు ఎదురుగా నలుగురూ చివరిదాకా ఉండి ఉంటే? ఆ పట్టు ఒక్కటే సరిపోయేదా? 2016లో రిపబ్లికన్లు చేసిన తప్పు అదే కదా. క్రూజ్, రూబియో, కేసిక్ ఎవరికి వారు "అవతలివాడు తప్పుకుంటే ట్రంప్‌ను నేను ఓడిస్తా" అని కూర్చున్నారు.

ఎడిసన్_వాసి

అందరూ శాతాల దగ్గరే ఆగిపోయారు. శాతాలు టికెట్ ఇవ్వవు, ప్రతినిధులు ఇస్తారు. అది నేను నా రాష్ట్రంలోనే దెబ్బతిని నేర్చుకున్నాను.

2008 ఫిబ్రవరి 5. నేను హిల్లరీ వైపు. న్యూజెర్సీలో ఆవిడ గెలిచారు. పదకొండు లక్షల మందికి పైగా ఓటేసిన ప్రైమరీ అది. ఓక్ ట్రీ రోడ్డులో మిత్రులకు మిర్చిబజ్జీలు తినిపించాను. మర్నాడు ఆఫీసులో ఒక తమిళ మిత్రుడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మా రాష్ట్రంలో ప్రతినిధులు 59, 48గా పంచుకున్నారు. అంటే హిల్లరీకి 11 లాభం. అదే రోజు ఐడహో కాకస్‌కు వచ్చింది మొత్తం 21 వేల మంది. ఒబామాకు అందులో దాదాపు 80 శాతం. ప్రతినిధులు 15, 3. ఒబామాకు 12 లాభం. ఇటు పదకొండు లక్షల ఓట్లు, అటు ఇరవై ఒక్క వేలు, చివరికి ఒబామాకే ఒకటి ఎక్కువ! ఆ కాగితం చాలా రోజులు నా సొరుగులో ఉంది.

డెమోక్రాట్లు ఎక్కడైనా ఓట్ల నిష్పత్తిలోనే పంచుతారు, 15 శాతం దాటిన వాళ్లందరికీ. అందుకే స్వల్ప తేడాతో పెద్ద రాష్ట్రం గెలిస్తే పెద్దగా ఒరిగేది లేదు, చిన్న రాష్ట్రంలో ఊడ్చేస్తే లాభం. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాలు గెలిచినవాడికే ఎక్కువ కట్టబెడతాయి. 2016 సౌత్ కరోలినాలో ట్రంప్‌కు 32.5 శాతం ఓట్లు, 50 మంది ప్రతినిధుల్లో 50. అంటే ముగ్గురిలో ఇద్దరు ఆయనకు వేయలేదు, అయినా మొత్తం ఆయనదే. అదే పోటీ డెమోక్రటిక్ నియమాలతో జరిగి ఉంటే వేసవిదాకా సాగేది. కాబట్టి గోదావరి గట్టు గారూ, వాన్స్ అవకాశం అడిగేముందు ఆయన పార్టీ ఏ రాష్ట్రంలో ఎలా పంచుతుందో అడగండి. చీలిన పోటీలో 35 శాతం ఉన్న రిపబ్లికన్‌కు విలువ ఎక్కువ, 35 శాతం ఉన్న డెమోక్రాట్‌కు తక్కువ.

కాకతీయ_కబుర్లు

ఇది బాగుంది. మన అసెంబ్లీ సీట్ల లెక్కలాగే ఉంది, త్రిముఖ పోటీలో 35 శాతంతో ఎమ్మెల్యే అయిపోయినట్టు. ఇన్నాళ్లూ ఎవరూ ఇలా విడమరచి చెప్పలేదు.

గోదావరి_గట్టు

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. మరి ఉపాధ్యక్షుడనే హోదా సంగతేమిటి? మా వాన్స్ మామగారు (ఘాట్‌లో ఆయనకు స్థిరపడిన పేరు) అదే బ్రహ్మాస్త్రం అంటున్నారు. వాన్స్‌కు ఎంత శాతం రాయమంటారు? నేను మధ్యవర్తిని. ఓడినవాళ్లు పదివేలు...

నిర్వాహకులు

పందేల ప్రస్తావన ఇక్కడ వద్దండీ. టిఫిన్ల వరకూ అభ్యంతరం లేదు.

పాత_డెస్కు

హోదాకు బలం ఉంది, కానీ అది పదవిలో ఉండగానే. 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 1988లో సీనియర్ బుష్, 2000లో గోర్, 2024లో హారిస్. పదవిలో ఉండి టికెట్ కోసం గట్టిగా ప్రయత్నించిన ఉపాధ్యక్షులందరికీ ఈ అరవై ఏళ్లలో దక్కింది. అంతకు ముందు 1952లో ఉపాధ్యక్షుడు బార్క్‌లీకి దక్కలేదు. పదవి దిగాక కథ వేరు. డాన్ క్వేల్ 1999లోనే విరమించుకున్నారు. పెన్స్ 2023 అక్టోబరులో, ఒక్క ఓటు పడకముందే. మాండేల్, బైడెన్ మాత్రం నిలిచి టికెట్ తెచ్చుకున్నారు.

అలాగని నల్లేరు మీద నడక కాదు. 1988 అయోవాలో సీనియర్ బుష్ మూడో స్థానంలో ఉన్నారు, డోల్ తర్వాత, టీవీ మత ప్రబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ కూడా తర్వాత! న్యూ హాంప్‌షైర్‌లో కోలుకోకపోతే ఏమయ్యేదో. ఇక టికెట్ దాటి శ్వేతసౌధం సంగతంటారా, 1836లో వాన్ బ్యూరెన్ తర్వాత పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడు అధ్యక్షుడిగా గెలిచింది ఆ 1988లోనే. మీ మామగారికి మొదటి సగం చెప్పండి, రెండో సగం టిఫిన్ అయ్యాక చెప్పండి.

బే_ఏరియా_కోడలు

హారిస్ పేరు ఆ జాబితాలో పెట్టడం కొంచెం తమాషాగా లేదూ? 2019 జనవరిలో ఓక్‌లాండ్‌లో ఆవిడ సభకు నేను వెళ్లాను, ఇసుక వేస్తే రాలనంత జనం. డిసెంబరు 3 కల్లా తప్పుకున్నారు, అయోవా దాకా కూడా రాలేదు. 2024లో బైడెన్ జూలై 21న తప్పుకోవడంతో టికెట్ నడిచి వచ్చింది. సొంతంగా ఒక్క ప్రైమరీ గెలవకుండా. ఆ జనాన్ని చూసి నేను వేసిన అంచనా ముందూ తప్పే, వెనకా తప్పే.

లెక్కల_మాస్టారు

శాతం అడిగారు కాబట్టి చెబుతాను, కానీ ఒక షరతు. నేను 65 అని రాస్తే, అది "వాన్సే" అని చెప్పడం కాదు. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లను ఇరవై మందిని తీసుకుంటే ఏడుగురికి టికెట్ రాదని కూడా నేనే చెబుతున్నట్టు. మన దగ్గర అరవై దాటితే పాస్ అనుకుంటారు, ఓడితే మాస్టారు తప్పు చెప్పాడంటారు. నలభై ఏళ్లు సంభావ్యత పాఠం చెప్పాను, ఏటా అదే గొడవ.

ఇంకొకటి, ఆ 65 ఈ రోజుది. ఎదురు ఎవరు నిలబడతారో తెలిస్తే మారుతుంది, ట్రంప్ ఎవరి వైపు చెయ్యి చూపిస్తారో తెలిస్తే మళ్లీ మారుతుంది. రాసుకొని గోడకు అంటించేది కాదు, పెన్సిలుతో రాసుకోండి.

డిమోయిన్_చలి

నేనైతే 50 దాటి ఒక్క అంకె కూడా వేయను. మేం అయోవా వాళ్లం, ముందున్నవాడిని కింద పడేయడం మాకో వేడుక. 2003 చివర్లో హోవార్డ్ డీన్ దగ్గర డబ్బుంది, సర్వేలున్నాయి, అల్ గోర్ మద్దతుంది. 2004 జనవరి 19న మావాళ్లు ఆయనకిచ్చింది 18 శాతం, మూడో స్థానం.

లెక్కల_మాస్టారు

2024లో ఆ వేడుక ఎందుకు జరగలేదు మరి? ట్రంప్‌కు 51 శాతం ఇచ్చారు. రెండో స్థానంలో డిశాంటిస్‌కు 21. మన వివేక్ రామస్వామికి 7.7.

డిమోయిన్_చలి

అక్కడ మీరు నన్ను పట్టుకున్నారు మాస్టారూ. సరే, 52.

గోదావరి_గట్టు

52, 65 రెండూ పెన్సిలుతోనే రాసుకున్నాను. బార్క్‌లీ ఎవరో మా మామగారికి తెలియదు, రేపు అక్కడి నుంచే మొదలుపెడతాను. డిమోయిన్ గారూ, ఒక్క సందేహం మిగిలింది. ఆ రాత్రి మీ తొమ్మిది మందీ మూడు ముక్కలయ్యారన్నారు. మీరు ఏ మూలకు వెళ్లారు?

డిమోయిన్_చలి

ఎడ్వర్డ్స్ మూలకు. ఆయన మీద ప్రేమతో కాదు. ఆ ఏడాది మంచు పడ్డ ప్రతిసారీ నేను లేవకముందే మా వాకిలి కూడా ఊడ్చి వెళ్లే పక్కింటి ముసలాయన స్తంభం కింద నిలబడి చెయ్యి ఊపారు, ఎలా కాదంటాను? మా ఆవిడ మొదటి నుంచీ ఒబామా మూలలోనే ఉంది, అక్కడి నుంచి నన్నే చూస్తోంది. ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు.